గిమటానికి అర్థం లేదని ముద్ర వేసి ఇప్పించవలసిందిగా అర్జీ

ప్రాథమిక విద్యాధికారి గారి సముఖమునకు,
రెండో తరగతి చదువుతున్న ఒక పిల్ల నాయనమ్మ వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: జాతీయ పఠన పరీక్షలోని అర్థం లేని మాటలకు అర్థం లేదని తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పుట గురించి.

పై విషయమును రెండుసార్లు చదువుకొనగలరు. వ్రాసినదాన్నే అయినా నేనూ రెండుసార్లు చదువుకున్నాను.

1. పరీక్ష గురించి అవగాహన కల్పించు నిమిత్తం తమ కార్యాలయం వారు మా బడిలో తల్లిదండ్రుల సభ జరిపియున్నారు. అంతకుముందు మా ఇంట్లో అందరం సుఖంగా ఉన్నాం.

2. సదరు సభలో పెద్దలందరినీ రెండో తరగతి పిల్లల కుర్చీలలోనే కూర్చుండబెట్టడమైనది. నా కొడుకు లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎంత ఇరుకులోనైనా ఇముడుతాడు. కళ్ళజోళ్ళ కొట్టాయన అలా కాదు. ఆయన సందేహం అడగడానికి లేస్తే కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. వెనకనున్న దర్జీ ఆవిడ, "మీరు అడగండన్నయ్యా, దీని సంగతి నేను చూస్తా" అంటూ కాళ్ళు పట్టుకుని లాగింది. కుర్చీ కాళ్ళే లెండి.

3. ఆ స్థితిలో ఆయన అడిగినది: "మీరిచ్చిన ఈ పుస్తకంలో టోపీ పెట్టుకున్న కప్ప బొమ్మ పక్కన గిమటం, తొరబి, లుపిడి అని ఏవో మాటలున్నాయి కదండీ, వాటి అర్థాలేంటి?" సభ నడిపిన తమ ఉద్యోగి, "అర్థాల గురించి తల్లిదండ్రులు ఆందోళన చెందనవసరం లేదు" అని సెలవిచ్చి టీ తాగడానికి వెళ్ళిపోయారు. అయ్యా, ఆఫీసువాళ్ళు ఆందోళన వద్దన్నారంటే ఆందోళన మొదలుపెట్టాల్సిన వేళ అయిందని పసిపిల్లలకీ తెలుసు. అర్థాలు ఉన్నాయనీ, బయటపెట్టడం లేదనీ, అవి తెలిసినవాళ్ళ పిల్లలే గట్టెక్కుతారనీ బడి గేటు దాటేలోపే తీర్మానం అయిపోయింది.

4. చేతికిచ్చిన పుస్తకంలో వివరణ లేదా అంటే, ఉంది. "అర్థరహిత పదముల ద్వారా వర్ణధ్వని సంయోజన సామర్థ్యము మాపనము చేయబడును" అని ఉంది. చదువుకున్నదాన్ని గనక మూడోసారికి బోధపడింది. పిల్లలు మాటల్ని బట్టీపట్టి అప్పజెబుతున్నారా, అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నారా అని చూడడానికి, ఎవరూ ఎన్నడూ వినని ఉత్త మాటలు కొన్ని కల్పించి పెట్టారు. పైకి చదివితే చాలు. ఇందులో పాసు లేదు, ఫెయిలు లేదు. ఎవరికి ఇంకాస్త సాయం కావాలో టీచరుకి తెలుస్తుంది, అంతే. ఈ ముక్కే ఇంట్లో చెప్పాను. "నీ కాలం పరీక్షలు వేరమ్మా," అన్నాడు నా కొడుకు. నిజమే, నా కాలంలో పరీక్షని చూసి పిల్లలు భయపడేవారు.

5. పిమ్మట తల్లిదండ్రుల ఫోను గ్రూపులో అర్థాల వేట మొదలైనది. గిమటం అంటే కళ్ళజోడులో ముక్కు మీద ఆనే ముక్క అని కళ్ళజోళ్ళాయన. కాదు, కుట్టులో ఒక రకం మడత అని దర్జీ ఆవిడ. మందుల కొట్లో పనిచేసే నా కోడలు, "దురదకి రాసే పూత అయ్యుంటుంది అత్తయ్యా, ఆ మాటలోనే జిగురుంది చూడండి" అంది. ఓటింగు పెడితే పూత నెగ్గింది. తొరబి అనగా అలిగిన పిల్లి అని ఏకగ్రీవం. లుపిడి మీద వివాదం నడుస్తున్నది. తేలినంతవరకు నా కొడుకు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

6. ప్రస్తుతం మా ఇంట్లో పాలు పొంగితే "అయ్యో, లుపిడి!" అంటున్నారు. లిఫ్టు ఆగిపోయిందని ఫోను చేసినవారితో నా కొడుకు పరధ్యానంగా, "తొరబి చేస్తోందేమో, ఇంకోసారి నొక్కండి" అంటే అవతలివారు "సరేనండీ" అని నొక్కారట. లిఫ్టు కదిలిందట. ఇంతవరకు నేను కడుపుబ్బ నవ్వుకున్నాను. ఈ అంశంపై ఫిర్యాదు లేదు.

7. ఫిర్యాదు ఇది. నా మనవరాలిని మేము పిచ్చుక అంటాం, నోరు మూయదు గనక. బడినించి నా వేలు పట్టుకుని వస్తూ కనబడిన ప్రతి బోర్డునూ పైకి చదివేది. "ఇచ్చట వాహనములు నిలుపరాదు" అని చదివి, అక్కడే నిలిపిన బండిని "నీకు చదువు రాదా?" అని గదమాయించేది. ఇప్పుడు బడిలో టీచరు "అవి కప్ప మాటలు, అర్థం లేదర్రా" అంటుంది. ఇంట్లో నాన్న అర్థాలు అప్పజెప్పించుకుంటాడు. మొన్న మందుల కొట్టు ముందు ఆగిపోయింది.

"నాయనమ్మా, 'ఔషధ' నిజం మాటా, కప్ప మాటా?"

"నిజం మాటేనే. చదువు."

"తప్పయితే?"

"అయితే ఏమవుతుందే?"

"నాకు తెలీదు. నాన్నకి తెలుసు."

ఆనాటినించి బోర్డులు చదవడం మానేసింది. తల వంచుకుని నడుస్తోంది. బడినించి ఇంటికి ఇంత దూరమని నాకు ఇప్పుడే తెలిసింది.

8. నా కొడుకు చెడ్డవాడు కాడు. రోజంతా లిఫ్టులు పడిపోకుండా చూసే మనిషికి, కూతురు ఎక్కడ పడిపోతుందోనని బెంగ. అయితే వాడికి ముద్ర ఉన్న కాగితమే వేదం. లిఫ్టులో "ఆరుగురికి మాత్రమే" అని ముద్ర కొట్టి ఉంటే ఏడో మనిషి కన్నతల్లి అయినా దింపేస్తాడు. దింపేశాడు కూడా. కాబట్టి నా మాట చెల్లదు, తమ ముద్ర చెల్లుతుంది.

కావున, ఈ క్రింది ముసాయిదాపై సంతకం చేసి తల్లిదండ్రులందరికీ పంపగోరుచున్నాను:

"గిమటం, తొరబి, లుపిడి అనే మాటలకు ఏ అర్థమూ లేదు. పిల్లలు వాటిని పైకి చదివితే చాలు. ఈ పరీక్ష ఎవరూ తప్పరు. ఇంట్లో బట్టీ పట్టించకండి, పిల్లలతో కలిసి కథలు చదువుకోండి."

తమ కార్యాలయంలో వాక్యాలకు ఒళ్ళు వస్తుందని విన్నాను. దయచేసి వీటిని పెంచవద్దు. ముద్రను మాత్రం ఎంత పెంచినా అభ్యంతరం లేదు. వచ్చే సభకు పెద్ద కుర్చీలు మంజూరు చేయ ప్రార్థన.

పిల్ల రేపూ ఆ వీధిలోంచే నడిచి రావాలి గనక, త్వరగా చిత్తగించవలెను.

ముద్ర అందేవరకు తమ విధేయురాలు,
పిచ్చుక నాయనమ్మ

తా.క.: పై వాక్యం వ్రాసి కలం మూస్తుండగా పిచ్చుక నా భుజం మీదుగా తొంగిచూసి, "చి... త్త... గిం... చ... వ... లె... ను" అని పైకి చదివింది. ఇన్నాళ్ళకి! "నాయనమ్మా, ఇది కప్ప మాటేగా?" అంది. "ఆఫీసరు గారు జవాబిస్తే నిజం మాట, ఇవ్వకపోతే కప్ప మాట," అన్నాను. వెంటనే పెన్సిలు తెచ్చి ఆ మాట పక్కన టోపీ పెట్టుకున్న కప్పను గీసింది. నేను అడ్డు చెప్పలేదు. తమ జవాబు వచ్చిన రోజున తమ ఆఫీసుకి వచ్చి రబ్బరుతో చెరిపేస్తానంటోంది. అంతవరకు కాగితం జాగ్రత్త చేయగలరు.