నీ ఆయాసపు కామాలు

తమ్ముడా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ దగ్గర ట్యూషన్ చదివిన నా మనవరాలు, ఒకసారి ఫేలయిన ఇంగ్లీషు పరీక్షను రేపు చింతామణిలో మళ్లీ రాస్తాది. "చదివేటప్పుడు ఊపిరి నిలిచిన చోట కామా పెట్టండి" అన్నావంట. ఉబ్బసం మనిషివి, పిల్లలకు అట్లనా చెప్పేది? నువ్వు పాఠం చదివి వినిపిస్తే విని నేర్చుకున్న పిల్ల, దాని రాత నిండా నువ్వు ఆయాసపడిన చోటల్లా కామాలే.

పొడుగు వాక్యంలో ఒక చిన్న వాక్యం ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట చాలమ్మా అని చెప్తూ, మధ్యాహ్నమంతా నీ కామాలు కొట్టేసినాను. విసుగొచ్చింది. చివరిదాని దగ్గర నా చేయి ఆడలేదు.

"ఏమవ్వా, ఇది మాత్రం తప్పు కాదా?"

"తప్పే. మార్కులు పోతాయి, నువ్వే కొట్టేయమ్మా. నాకు ఆయాసంగా ఉండాది."

మీ అక్క