అక్క చేతికి చాలని పట్టీ

నాలుగు ఆసుపత్రులు కలిసి నడుపుతున్న గుండె పరిశోధన ఆఫీసులో ఉత్తరాలు చూసే అమ్మగారికి, దర్జీ నమస్కారాలు.

నమస్కారం మర్యాద కోసం పెట్టాను. అసలు విషయానికొస్తే నాకు ఒళ్లు మండిపోతోంది.

మాది మీ దగ్గర నూట నలభై రెండో జంట. జంట అంటే మొగుడూ పెళ్లాలం కాదు, అక్కా తమ్ముళ్లం. ఒకే కడుపున పుట్టినవాళ్లలో ఒకరి గుండె గట్టిగా ఉండి ఇంకొకరిది ఎందుకు పాడవుతుందో కనిపెట్టి, దానికి మందు తేల్చడానికి నాలుగు ఆసుపత్రులూ నడుం కట్టాయని మీరే చెప్పారు. మా అమ్మ ఏ జబ్బూ లేని మనిషి. కుర్చీలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ ఒలుస్తూనే పోయింది. గుండె అన్నారు. అందుకే అక్క "మన వల్ల ఇంకొకరి అమ్మ మిగిలితే చాలురా" అని నన్ను లాక్కొచ్చి మీ కాగితాల మీద సంతకం పెట్టించింది.

మొన్న మార్చి నుంచి అక్కకి బీపీ ఎక్కువని ఒక మాత్ర వేశారు. తగ్గలేదని రెండోది వేశారు. పోయిన సోమవారం స్టూలు మీంచి లేచి నిలబడబోతే కళ్లు తిరిగి పడింది. తలుపు అంచు తగిలి నుదురు నిమ్మకాయంత వాచింది.

అమ్మా, తప్పు అక్కది కాదు, మీ పట్టీది. చేతికి చుట్టే ఆ పట్టీ అక్క చేతికి చాలడం లేదు. నర్సమ్మ దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని మరీ గాలి కొడుతోంది. మధ్యలో 'టప్' మని ఊడిపోతే మళ్లీ చుడుతోంది. "అమ్మా, ఇది పొట్టి" అన్నాను. "మీరు దర్జీనా, డాక్టరా?" అంది. నలభై ఏళ్లుగా చేతులు కొలుస్తున్నవాణ్ని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది?

పట్టీ మార్పించండి.

ఇట్లు,
జంట నంబరు నూట నలభై రెండులో తమ్ముడు

తా.క. నాక్కూడా నూట అరవై ఎనిమిది అన్నారు. నాకు! నేను అసలు కోపమే ఎరగను.

* * *

గౌరవనీయులైన పాల్గొను సభ్యులకు,

మీ ఉత్తరం అందింది. మీకు కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాము. మీ ఫిర్యాదును 'దుస్తులు' అనే శీర్షిక కింద నమోదు చేశాము.

పరీక్షకు వచ్చేటప్పుడు చేతులు బిగుతుగా ఉన్న దుస్తులు ధరించరాదని మా సూచనల పత్రంలో ఆరవ అంశంగా ఉంది. మీ అక్కగారికి పొట్టి అయిన దుస్తులను మీ వృత్తి నైపుణ్యంతో మీరే సరిచేయగలరని ఆశిస్తున్నాము. కళ్లు తిరిగిన విషయం వచ్చే తనిఖీలో డాక్టరు గారికి చెప్పుకోవచ్చును.

మీ ఉత్తరం చదివిన మీదట, 'కోపము - గుండె' అనే మా ఉప పరిశోధనకు మీరు మిక్కిలి తగినవారని భావించి నలభై ప్రశ్నల పత్రం జతపరుస్తున్నాము.

సదా మీ ఆరోగ్యం కోరే,
సమన్వయ అధికారిణి

తా.క. 'మీకు ఎప్పుడైనా కోపం వచ్చిందా?' అనే పదిహేడో ప్రశ్నకు 'ఎప్పుడూ లేదు' అని రాసేవారు దయచేసి ఇంట్లోవాళ్లను కూడా అడిగి రాయగలరు.

* * *

సమన్వయ అధికారిణి గారికి, సమన్వయం కుదరని దర్జీ రాయునది.

దుస్తులు కాదు తల్లీ! పట్టీ! ప-ట్టీ! బీపీ చూడ్డానికి చేతికి చుట్టే పట్టీ! అక్క వేసుకున్న గౌను నేను కుట్టిందే. దాని చేతుల్లో పిల్లి దూరి పడుకోవచ్చు, అంత వదులు. నా చేతి కుట్టు పొట్టి అయిందని మీ ఆఫీసు పుస్తకంలో రాసుకున్నారా? వెంటనే కొట్టేయండి. ఇలాంటి మాట మా వీధిలో పొక్కితే నేను తలెత్తుకు తిరగక్కర్లేదా?

మీకు నోటిమాట ఎక్కడం లేదు కాబట్టి లెక్క రాస్తున్నాను. అక్క దండచేతి చుట్టుకొలత పదిహేను అంగుళాలు. మీ పట్టీ లోపల ఉన్న రబ్బరు సంచి పొడవు తొమ్మిది. నర్సమ్మ నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు కొలిచాను. గాలి సంచి చేయంతా చుట్టుకోకపోతే ఇంకా గట్టిగా నొక్కాలి కదా. నొక్కేకొద్దీ అంకె పెరుగుతుంది. దీనికి డాక్టరు చదువు కావాలా? ఇరుకు కాలరు పెడితే మెడ లావుగా కనిపిస్తుంది. తప్పు మెడదా?

ఇంకో మాట. రెండు బుధవారాలు మీ వెయిటింగు హాల్లో ఖాళీగా కూర్చోలేక ముప్పై ఒక్కమంది చేతులు కొలిచాను. పదకొండు మందికి పదమూడున్నర దాటాయి. ఆ పదకొండు మందికీ బీపీ ఎక్కువనే చెప్పారు. ఒక్కరు కూడా తప్పిపోలేదు! జాబితా జతచేశాను. చూసి మాట్లాడండి.

ఇట్లు,
మీరు 'మిక్కిలి తగినవాడు' అన్న దర్జీ

తా.క. మీ నలభై ప్రశ్నలూ పూర్తిచేశాను. పదిహేడోది అక్కనే అడిగాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి పావుగంట ఆపలేదు. ఏ గడిలో గీత పెట్టాలో మీరే చెప్పండి.

* * *

సభ్యులకు హెచ్చరిక.

కింది విషయాలు మా దృష్టికి వచ్చినవి. ఒకటి, మీరు మా వెయిటింగు హాల్లో టేపు మెడలో వేసుకుని దర్జీ దుకాణం తెరిచారని, కుట్టు పనికి కొలతలు తీసుకుంటున్నారని గేటు దగ్గరి కాపలాదారు రాతపూర్వకంగా తెలియజేశారు. రెండు, ఆసుపత్రి పరికరాన్ని అనుమతి లేకుండా తాకారు. మూడు, మా పరిశోధనలో ఉన్నవారి మీద మీరు సొంతంగా మరొక పరిశోధన చేస్తున్నారు. ఇది చాలా తీవ్రమైన విషయం. నాలుగు ఆసుపత్రుల నైతిక సంఘాలూ అనుమతిస్తే తప్ప మేమే ఎవరి చేయీ ముట్టుకోము.

పట్టీల విషయం విచారించాము. స్టోరు గదిలో పెట్టెల మీద 'పెద్ద సైజు' అని స్పష్టంగా రాసి ఉంది. కావున పట్టీలు పెద్దవే.

ఇకమీదట ఆవరణలోకి టేపు తీసుకురాకూడదు.

సమన్వయ అధికారిణి

తా.క. సదరు ముప్పై ఒక్కమంది నుంచి మీరు సమ్మతి పత్రాలు తీసుకున్నారా అని సంఘం వారు అడుగుతున్నారు.

* * *

అమ్మా,

గౌరవనీయులైన అని రాయడానికి చేయి రావడం లేదు, క్షమించండి.

తీసుకున్నాను. ముప్పై ఒక్కమందీ నా చిట్టా పుస్తకం వెనక సంతకాలు పెట్టారు. ఒక పెద్దాయన "చెయ్యే ఎందుకయ్యా, నడుం కూడా కొలిచి రాసుకో, అదీ గుండెకి మంచిది కాదంట" అని బెల్టు కూడా విప్పబోయాడు. నేనే ఆపాను. మీ సంఘానికి చెప్పండి, నేను కూడా నీతీ నియమం ఉన్నవాణ్నే.

పెట్టె మీద రాసి ఉందా? పెట్టె మీద! నా దగ్గరికి రోజుకి పదిమంది వస్తారు, కాలరు మీద 'నలభై రెండు' అని చీటీ ఉండి గుండీ పెట్టుకోలేని చొక్కాలు పట్టుకుని. చీటీని కొలుస్తామా, గుడ్డని కొలుస్తామా? మీ నాలుగు ఆసుపత్రుల్లో ఇంతమంది పెద్ద చదువుల వాళ్లున్నారు కదా, ఆ పెట్టె తెరిచి ఒక్క పట్టీ బల్ల మీద పరిచి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడా? కలిసి చేసే పరిశోధన అంటే కలిసి నమ్మడమేనా? మిగతా మూడు ఆసుపత్రుల్లో లావు చేతులవాళ్లకి ఎంత వస్తోందో ఒక్కసారి అడిగి చూడండి. అడగడానికి కూడా అనుమతి కావాలా?

నిన్న అక్క మళ్లీ తూలింది. గోడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మేడ మెట్లు దిగడం మానేసింది. వీధి చివర గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పుస్తకాలు మోసిన మనిషి, కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంటోంది. "ఆ మాత్రలు మానెయ్యవే" అన్నాను ఉండబట్టలేక. "సంతకం పెట్టానురా, నేను మానేస్తే వాళ్ల లెక్క తప్పదూ?" అంది. మీ లెక్క తప్పకూడదని ఆవిడ పడుతోంది, అమ్మా. మీ లెక్కే తప్పని నేను ఎవరి కాళ్లు పట్టుకుని చెప్పాలి?

ఇట్లు,
టేపు ఇంట్లో పెట్టి వచ్చే దర్జీ

తా.క. టేపు లేకపోయినా నా జాన సరిగ్గా తొమ్మిది అంగుళాలు. జానని కూడా గేటు దగ్గర వదిలి రమ్మంటారా?

* * *

దర్జీ గారికి,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. నా సొంత కాగితం మీద రాస్తున్నాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత పక్క సెక్షను ఆవిడ దగ్గర టేపు అడిగి తీసుకుని స్టోరు గదికి వెళ్లాను. పెట్టెలు పద్నాలుగు. అన్నిటి మీదా 'పెద్ద సైజు' అనే ఉంది. అన్నిట్లోనూ మధ్య సైజే ఉంది. పద్నాలుగో పెట్టె కూడా కొలిచి దాని మీదే కూర్చున్నాను.

మిగతా మూడు ఆసుపత్రులకీ ఫోను చేశాను. మీ లెక్కే నిజం. లావు చేతులవాళ్లలో బీపీ ఎక్కువ ఉన్నవాళ్లు వాళ్ల దగ్గర కంటే మా దగ్గర రెట్టింపు ఉన్నారు. ఈ తేడా మాకు రెండు నెలల కిందటే కనిపించింది. మా ప్రాంతం గాలిలో ఏదో ఉందని దాని మీద ఒక వ్యాసం రాయడం మొదలుపెట్టారు కూడా. ఇప్పుడు ఆపేశారు.

రేపు ఉదయం తొమ్మిదికి అక్కగార్ని తీసుకురండి. మెట్లు దిగడానికి మనుషుల్ని పంపుతాను. సరైన పట్టీ పక్క ఆసుపత్రి నుంచి తెప్పించాను. ఈలోగా మాత్రల సంగతి మా డాక్టరు గారే ఇవాళ మీకు ఫోను చేసి చెబుతారు, మీ అంతట మీరు ఆపించకండి.

మీ మొదటి ఉత్తరాన్ని దుస్తుల కింద రాసింది నేనే. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

సమన్వయ అధికారిణి

తా.క. కాపలాదారుకి చెప్పాను. టేపు తెచ్చుకోండి.

* * *

అమ్మాయీ,

మా సొంత అమ్మాయి కూడా ఇలా తప్పు ఒప్పుకోదు, మీరు ఒప్పుకున్నారు, అందుకని అలా పిలిచాను.

అక్కకి నిన్న సరైన పట్టీ చుట్టినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. నూట ఇరవై ఎనిమిది! నర్సమ్మ మూడుసార్లు చూసింది, మూడోసారి కళ్లు తుడుచుకుంది. అనాల్సినవి చాలా ఉన్నా మింగాను.

కానీ నా సంగతి తేల్చరేం? నాకు వేసిన నూట అరవై ఎనిమిది కూడా ఆ దిక్కుమాలిన పట్టీతో వచ్చిందే కదా. నిన్న నాకూ మళ్లీ చూశారు, కానీ అంకె చెప్పకుండా "ఉత్తరం రాస్తాం" అన్నారు. రాయండి. పెద్ద అక్షరాలతో, సీలు వేసి, దర్జీకి బీపీ లేదూ, ఎన్నడూ లేదూ అని రాయండి. దాన్ని దుకాణంలో కుట్టు మిషను పైన గోడకి తగిలిస్తాను. ఇప్పటికే వీధి వీధంతా చెప్పాను. పక్క మంగలి దుకాణంలో అయితే రోజూ చెబుతున్నాను.

ఇట్లు,
గెలిచిన దర్జీ

తా.క. ఆ కోపం పరిశోధనలోంచి నా పేరు తీసేయండి. నాకు కోపం లేదని ఇప్పుడు రుజువైపోయింది.

* * *

దర్జీ బాబాయి గారికి,

మీరు అమ్మాయీ అన్నారు కాబట్టి నేనూ చనువు తీసుకున్నాను.

ముందు మంచి కబుర్లు. మా కేంద్రంలో ఉన్న మూడు వందల మందికీ మళ్లీ బీపీ చూశాం. డెబ్బై నలుగురికి మాత్రలు తగ్గించారు, కొందరికి పూర్తిగా ఆపారు. అందరి ఇళ్లకీ మనుషులు వెళ్లి తప్పు మాదేనని చెప్పి వచ్చారు. ఇకమీదట నాలుగు ఆసుపత్రుల్లోనూ బీపీ చూసే ముందు ప్రతి చేయీ టేపుతో కొలవాలని నిన్న తీర్మానం చేశారు. ఆ కాగితంలో ఒక వాక్యం మీ గురించి ఉంది. 'ఈ లోపాన్ని పరిశోధనలో పాల్గొన్న ఒక దర్జీ కనిపెట్టెను' అని.

ఇక మీ సంగతి. నాకు చెప్పడానికి భయంగా ఉంది, అందుకే ఉత్తరం రాస్తాం అన్నాం.

మీరు ముప్పై ఒక్కమంది చేతులు కొలిచారు. ఆ జాబితా నేను మూడుసార్లు చదివాను, బాబాయ్. అందులో మీ చేయి లేదు. మీరు అక్కగారితో వచ్చిన రోజు నర్సమ్మ కొలిచింది. పదకొండు అంగుళాలు. ఆ మధ్య సైజు పట్టీ తయారు చేసిందే మీలాంటి చేతికి. మూడు వందల మందిలో అది అతికినట్టు సరిపోయిన చేతుల్లో మీది ఒకటి. వేరే పట్టీతో, వేరే నర్సుతో, తలుపు వేసిన గదిలో మిమ్మల్ని పదేసి నిమిషాలు కూర్చోబెట్టి మూడుసార్లు చూశాం. నూట డెబ్బై, నూట అరవై ఎనిమిది, నూట అరవై ఆరు.

మొదటి రోజు నుంచీ మా దగ్గర సరిగ్గా రాసి ఉన్న అంకెల్లో మీదొకటి. మీరు నమ్మనిది కూడా అదే.

బుధవారం నుంచి మీకు మాత్ర మొదలు. దయచేసి దీని మీద ఉత్తరం రాయకండి, మీరే రండి. మీ అమ్మగారి కబురు మీరే రాశారు. ఆ కుర్చీ సంగతి చదివినప్పటి నుంచీ నాకు మీ ఫైలు చూస్తే భయమేస్తోంది.

ప్రేమతో,
సమన్వయం కుదిరిన అమ్మాయి

తా.క. ఈ సంగతి మీకు ఎలా చెప్పాలో తెలియక ముందు అక్కగారికి చెప్పాను. ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నా చేయి లావని ఊరంతా చాటాడు కదమ్మా, పోనీలే, నా కోసమే చాటాడు. ఇప్పుడు వాడు రానంటాడు, మిషను కింద దాక్కుంటాడు. నేను మెట్లు దిగి వెళ్లి లాక్కొస్తాను. దిగగలను ఇప్పుడు."