టేక్ ఎక్కం

శంషాబాద్,
జూన్ 2011

అఖిలా,

సెలవుల్లో నువ్వు రాసిచ్చిన ‘టేక్’ అనే ఇంగ్లిష్ మాటతో వాక్యాలు పన్నెండూ ఎక్కంలా బట్టీపట్టాను. అదే నా తప్పు. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్‌లో కూర్చున్న పెద్దాయన బాత్రూమ్‌కు తీసుకెళ్లమని ఇంగ్లిష్‌లో అడిగితే, నేను ఒకటో వాక్యం నుంచి గొణుక్కుంటూ తొమ్మిదో దానికి చేరేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. మా సూపర్‌వైజర్ కుర్మయ్యన్న, "గిట్లయితే ఎట్లమ్మా? సోమవారం ఇంగ్లిష్ పరీక్ష తప్పితే ఈ కుర్చీ పని పోయి మళ్ల చీపురే" అన్నాడు.

ఆదివారం హాస్టల్ నుంచి వచ్చి, ఆ వాక్యాలు వరుస తప్పించి అడుగు బిడ్డా.

మరీ భయమేం లేదులే. నిన్న లిఫ్టు దగ్గర చక్రం ఇరుక్కుంటే, కుర్చీలోని ముసలమ్మ నవ్వి "టేక్ యువర్ టైమ్" అంది. వెంటనే "థ్యాంక్యూ అమ్మా" అనేశాను. అది ఎన్నో వాక్యమో ఇంకా చూసుకోలేదు.

నీ చిన్నమ్మ