కాలిన కంట్రోలర్

8 జూన్ 2009, సోమవారం

మడత సైకిల్ నంద్యాల బస్టాండు దాటగానే ఆగిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా మోటార్ మూలిగిందే కానీ చక్రం తిరగలేదు. ఎండలో తొక్కుకుంటూ ల్యాబ్‌కు చేరేసరికి పరీక్షలకు రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు నా కోసం చూస్తూ బెంచీల మీద విసుక్కుంటున్నారు.

కిందటేడు మోటార్ సైకిల్ మీద పోతూ ఫిట్స్ వచ్చి పడ్డాను. కర్నూలు డాక్టర్ ఇక బండి నడపొద్దన్నాడు. నా భార్య జయమ్మ ఆ వారమే బండిని అమ్మించింది. ఇక రోజూ ఆళ్లగడ్డలో బస్సెక్కడం, నంద్యాలలో దిగి ఆటో కోసం చూడటం. నాకు పిచ్చెక్కిపోయేది. అప్పుడు బెంగుళూరు నుంచి బామ్మర్ది హరీష్ ఈ ఎలక్ట్రిక్ సైకిల్ పంపాడు. మడిచి బస్సులో పెట్టుకోవచ్చు, దిగి తెరిస్తే బండి. లైసెన్స్ అక్కర్లేదు. మెల్లగా పోతుంది కదా అని జయమ్మ ఒప్పుకుంది. డాక్టర్‌ని మాత్రం ఎవరమూ అడగలేదు.

10 జూన్

యూపీఎస్ బ్యాటరీలు అమ్మే కొట్టులో చూపించాను. సైకిల్ బ్యాటరీలు మూడూ ఉబ్బిపోయాయి, పనికిరావన్నాడు కొట్టతను. కొత్తవి తీసుకున్నాను. వచ్చే వారం వస్తే తానే బిగిస్తానన్నాడు. వచ్చే వారం దాకా ఎవరు ఆగుతారు? సంచీలో వేసుకుని బస్సెక్కాను.

11 జూన్, పొద్దున

వరండాలో కూర్చుని మొదలుపెట్టాను. బ్యాటరీలను వరసగా కలిపి, ఎర్ర వైరు కంట్రోలర్ ఎర్ర వైరుకు, నల్లది నల్లదానికి. అంతే పని.

ఫట్‌మని మెరిసింది. పొగ. కాలిన ప్లాస్టిక్ వాసన.

చూస్తే ఎర్ర వైరు నల్లదానికి కలిపి ఉంది. కలిపింది నా చేతులే. కలిపినట్టు గుర్తు లేదు. వైరు తొడుగు ఒలవడం గుర్తుంది. ఆ తర్వాత మెరుపు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

జయమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చైనా సరుకు, కంట్రోలర్ కాలిపోయిందని చెప్పాను.

12 జూన్

ఫిట్స్ మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు.

15 జూన్, సోమవారం

హరీష్‌కు ఫోన్ చేశాను. కంట్రోలర్ అంటే మోటార్‌కు కరెంటు ఎంత పోవాలో చూసుకునే చిన్న అల్యూమినియం డబ్బా, కాలితే బాగుచేయలేరట. కొత్తది ట్రావెల్స్ బస్సులో వేస్తానన్నాడు. వైర్లు తిరగేసి కలిపావా బావా అని అడిగాడు. నేనేమైనా చిన్నపిల్లాడినా అని కసిరి ఫోన్ పెట్టేశాను. ల్యాబ్ మూసేశాక బస్టాండుకు పోకుండా కుందూ నది వంతెన దాకా నడిచాను. ఎందుకో తెలీదు. అక్కడా నిలవలేక తిరిగొచ్చాను.

18 జూన్

రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

నల్లమల గూడెం నుంచి లింగమ్మ అనే పెద్దావిడ మలేరియా పరీక్షకు వచ్చింది. చేతికి రబ్బరు కట్టాను, నరం దొరికింది, సూది గుచ్చాను. తర్వాత ఆమె నా మణికట్టు పట్టుకుని ఉంది. దూది కింద పడి ఉంది. ఆమె మోచేతి మీద రక్తం కారుతోంది.

"ఏందప్పా, సూది ఈడ పెట్టి నువ్వు యాడికి పోయినావ్?" అంది మెల్లగా.

పక్క బెంచీవాళ్లకు వినబడలేదు. తనే దూది తీసుకుని అదుముకుంది. నన్ను కాసేపు కూర్చోమంది.

19 జూన్

జ్వరమని చెప్పి సెలవు పెట్టాను.

21 జూన్, ఆదివారం

కంట్రోలర్ నిన్ననే వచ్చింది. నేను విప్పలేదు. జయమ్మ చర్చి నుంచి వచ్చి, పార్శిల్ నా ముందు పెట్టి, బిగించమంది. బిగించలేనన్నాను. ఎందుకంది. చెప్పేశాను. వైర్ల సంగతి, లింగమ్మ సంగతి.

ఆమె ఏడవలేదు. కొంగుతో పీట తుడిచి కూర్చుంది.

"నాకు ఎరికే. అన్నం తింటా తింటా ఆగిపోతాండావ్. ముద్ద చేతిలోనే ఉంటాది, చూపు యాడనో ఉంటాది. నువ్వే చెప్తావని చూస్తాండా."

"ముందే అడగొచ్చు కదా జయా."

"అడిగితే లేదంటావ్. అప్పుడు ఇద్దరం అబద్ధాల్లో ఉంటాం."

తర్వాత స్క్రూడ్రైవర్ తనే తీసుకుంది. నేను రంగులు చెప్పాను, ఆమె కలిపింది. మోటార్ వైర్లు మూడూ, యాక్సిలరేటర్ వైరూ, అన్నిటికన్నా చివర ఎర్రదీ నల్లదీ. ప్రతి వైరుకూ నా మొహంలోకి చూసింది, ఉన్నానా లేనా అని. వెనక చక్రం పైకెత్తి, తాళం పెట్టి యాక్సిలరేటర్ తిప్పితే గిర్రున తిరిగింది. సంతోషమేసింది నాకు, సిగ్గు లేకుండా. ఆమె తాళం తీసి జాకెట్‌లో దోపుకుంది.

24 జూన్

కర్నూలు పోయి వచ్చాం. డాక్టర్ మాత్రలు మార్చాడు. సైకిల్ సంగతి విని ఇద్దరినీ తిట్టాడు. దారిలో నంద్యాలలో దిగి ల్యాబ్ ఓనర్ మల్లికార్జునకు జరిగిందంతా చెప్పాను. కౌంటర్‌లో కూర్చుని రిపోర్టులు ఇవ్వు రత్నం, మాన్పించను అన్నాడు. సూది ఇక ల్యాబ్‌లో నాతో పనిచేసే అనిత పట్టుకుంటుంది. మంచివాడే. అయినా బయటికొచ్చాక గోడను గుద్దాలనిపించింది.

28 జూన్, ఆదివారం

చిన్నప్పుడు తొక్కిన అలవాటు ఉందో పోయిందో చూస్తానని, మధ్యాహ్నం జయమ్మ సైకిల్ తీసుకుని రుద్రవరం రోడ్డు మీద పోయింది. పొద్దు గూకినాక వచ్చింది. తల నిండా దుమ్ము, నోట్లో కూనిరాగం. ఎక్కడికి పోయావని అడిగాను. "యాడికీ లేదు" అంది. సైకిల్‌కు ఛార్జింగ్ పెట్టింది. రేపు కూడా పోతుందట.