పదమూడు వేల అడుగుల ఎత్తున గ్యాస్

జూలై 11
మా ఊరు నేపర్‌విల్ నుంచి రెండు రోజుల డ్రైవ్. కొలరాడోలో మోటెల్. నడుం పడిపోయింది.

ఎత్తు పడకపోతే వేసుకునే ఆల్టిట్యూడ్ మాత్రలు ఈయన బ్యాగ్‌లో పెడితే తీసి మంచమ్మీద పడేశారు. "ముప్ఫై ఏళ్ల నుంచి డాక్టర్‌ని. నువ్వు మాత్రలు లెక్కపెట్టేదానివి." నేను ఫార్మసిస్ట్‌ని. ప్రతి పాట్‌లక్ విందులోనూ ఈ జోకే. అందరూ నవ్వుతారు, సిగ్గులేకుండా నేనూ నవ్వుతాను. ఈయన స్నేహితుడు ప్రసాద్ గారు అరవై ఒకటో ఏట రేపు మేమెక్కబోయే కొండెక్కారట. ఇంకేం, ఈయనా ఎక్కాలి!

జూలై 12, మధ్యాహ్నం రెండు
షెల్టర్ చేరాం. పదమూడు వేల అడుగులు. రాతి గోడలు, రేకు కప్పు, నాలుగు చెక్క బల్లలు. కాపలా లేదు, తాళం లేదు, ఎవరొస్తే వాళ్లదే. ఇవాళ మేమిద్దరమే. రాత్రికి ఇక్కడ పడుకుని తెల్లారి శిఖరం.

ఫోన్ పనిచేయదు. అబ్బాయి కొనిచ్చిన శాటిలైట్ పరికరం నా జేబులో ఉంది — ఎర్ర బటన్ నొక్కితే రెస్క్యూ వాళ్లకి కబురు వెళ్తుంది.

పులిహోర ముట్టలేదు ఈయన. తలనొప్పట.

మూడున్నర
రెండు వాంతులు. "గ్యాస్" అని వాము నములుతున్నారు. కడుపు డాక్టర్ గారికి లోకంలో ఉన్న రోగాలన్నీ గ్యాసే. మా నాన్న గుండెల్లో నొప్పి అన్నా ఫోన్‌లో గ్యాసే అన్నారు. మూడో రోజు నాన్న పోయారు. పదకొండేళ్లయింది. పొరపాటు పడ్డానని ఒక్కమాట... ఒక్కమాట అనలేదు.

నాలుగు పది
బయటికెళ్లి వస్తూ తూలారు. ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించి నాలుగడుగులు వేయమన్నాను. రెండో అడుగుకే గోడ పట్టుకున్నారు. ఈ ఎత్తుకి మెదడు వాస్తోంది. ఇప్పుడే దిగాలి. చక్కటి ఎండ, రెండు గంటల్లో కింద చెట్ల దాకా వెళ్లిపోవచ్చు.

చెప్పాను. "నోర్ముయ్. మా ఆవిడ భయపడిందని చెప్పనా ప్రసాద్ గాడికి?"

బటన్ నొక్కుతానన్నాను. "నొక్కి చూడు!"

ఓహో. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అయితే నొక్కను. నాదే పొరపాటు, నువ్వు చెప్పిందే కరెక్ట్ — ఆ మాట అననీ. అప్పుడు నొక్కుతా.

ఐదున్నర
"నాన్న విషయంలో పొరపాటు మీదేనా?" అని అడిగాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

టీ కాచుకున్నాను. నెమ్మదిగా తాగాను. బాగుంది.

ఏడు
ఈయనకి బూటు లేసు ముడి వేయడం రావట్లేదు. చేతులకేసి చూసుకుంటున్నారు. జాలేసింది. కాదు, సగమే వేసింది. మళ్లీ అడిగాను. ఏదో గొణిగారు. అది కాదు నాక్కావలసింది.

ఎనిమిది నలభై
లేచి కూర్చున్నారు. చేతులు కట్టుకుని, నాకేసి చూసి, "సారీ మేడమ్. మీరు చెప్పిందే కరెక్ట్. నాదే పొరపాటు" అన్నారు.

కాలేజీలో ఎవరో ప్రొఫెసర్ అనుకుంటున్నారు నన్ను. "నేనండీ, వసుధని!" భుజాలు పట్టి ఊపేశాను. "యెస్ మేడమ్."

నొక్కాను. ఓరి దేవుడో... నొక్కాను.

జూలై 13
తెల్లవారుజామున వచ్చారు, ఆరుగురు, ఆక్సిజన్‌తో. స్ట్రెచర్ మీద దించారు. వాళ్లలో ఒకమ్మాయి నన్ను కావలించుకుని, చాలా ధైర్యంగా ఉన్నారు మీరు, అంది.

జూలై 14, ఆసుపత్రి
డాక్టర్ అడిగింది — నడక ఎప్పుడు తప్పింది?

"ఎనిమిది దాటాక."

రాసుకుంది.

జూలై 16
మాట్లాడుతున్నారు. గుర్తుపట్టారు. ప్రసాద్ గారి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, "మా వసు లేకపోతే పోయేవాణ్ణిరా" అంటున్నారు.

ఈయన కుడి చేతికి పట్టు రావట్లేదు. ఎండోస్కోపీ చేసే చెయ్యి. ఇంకా ముందే దించి ఉంటే బాగుండేది అంది డాక్టర్. ఎవర్నీ తప్పుపట్టట్లేదు, మామూలుగానే అంది.

జూలై 17
పొద్దున కాఫీ పట్టుకెళ్లాను. కప్పు ఎడమ చేత్తో అందుకున్నారు. చాలాసేపు తాగలేదు.

"వసూ. మీ నాన్నగారి విషయంలో నాదే పొరపాటు. ఆ వేళ ఆసుపత్రికి వెళ్లమనాల్సింది. అనలేదు. నీతో చెప్పుకోడానికి కూడా నోరు రాలేదు ఇన్నాళ్లూ." ఏడ్చారు. ఈయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు నేను చెప్పాలి. నాలుగు పదికే తెలుసండీ నాకు, అనాలి. నోరు తెరిచాను కూడా. "చల్లారిపోతోంది, తాగండి" అన్నాను.

రేపు డాక్టర్ రాసుకున్న తన చార్ట్ తెప్పించుకుని చదువుతారట. ఆ సాయంత్రం సంగతులు కొద్దికొద్దిగా గుర్తొస్తున్నాయట.