బట్టకు చెప్పుకున్న మాటలు

నేతవీధి, మూడో ఇల్లు
నీ ఏలుబడిలో ఇరవై మూడో ఏడు, బట్ట ఎత్తే రోజుకు ముందు ఉదయం

దేశానికి ఏలికవూ, ఈ ఇంటికి మాత్రం చిన్నోడివీ అయిన తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మగ్గమూ క్షేమం. నువ్వు క్షేమమేనని నీ చాటింపువాళ్లు రెండు పూటలా వీధిలో అరిచిపోతున్నారు కాబట్టి వేరే అడగను.

ప్రార్థన ముగించుకుని ఈ కాగితం ముందు కూర్చున్నాను. అక్కడక్కడా నీలం అంటితే ఏమీ అనుకోకు. రంగు తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చాను.

నీ ఉత్తరం అందింది. ఈసారి బట్ట రెండు మూరలు ఎక్కువ నేయమన్నావు, దూరాన నిలబడ్డవాళ్లకు కూడా తెలుపు కనపడాలని. నేశాను. పంతులమ్మ సంగతి మాత్రం ఎత్తవద్దన్నావు. అది ఎత్తడానికే ఈ ఉత్తరం.

కోటలో పడి నువ్వు మన గడపను మరిచిపోయి ఉంటావు. గుర్తు చేస్తాను. ఏటా బురుజు మీద ఎగరేసే ఆ తెల్లబట్టకు పడుగు పోసిన రోజు నుంచి జనం వస్తూనే ఉంటారు. మగ్గం పక్కన నిలబడి బట్టకు చెప్పుకుంటారు. కొందరు దణ్ణం పెట్టి చెబుతారు, కొందరు తిట్టి చెబుతారు. బట్ట అన్నీ వింటుందనీ, ఏలిక తప్పులు మోయలేని ఏడు దాని అంచు తనంతట తనే నీలమెక్కుతుందనీ వాళ్ల నమ్మకం. నీ నమ్మకమూ అదే. బురుజు మీద విప్పినప్పుడు అంచు నీలంగా ఉంటే కావలివాళ్లు బల్లేలు కింద పెట్టేస్తారు, ఏలిక దిగిపోతాడు. తాతమ్మ కాలంలో ఒకాయన అలాగే దిగి, మళ్లీ తన కుండల పని చూసుకున్నాడట. ఏలికగా ఎలా ఉన్నా కుండలు మాత్రం గట్టిగా చేసేవాడని తాతమ్మ అనేది.

నీకు ఏడేళ్లప్పుడు మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె విరగ్గొట్టి తప్పు పిల్లి మీదికి నెట్టావు. నువ్వు విరగ్గొట్టడం నేను చూశాను. అమ్మ పిల్లిని ఇంట్లోంచి తరిమేసింది. నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రం నువ్వు నా పక్కన చేరి, ఇంత చేసిన పిల్లికి అన్నం కూడా పెట్టొద్దన్నావు. నేను నవ్వాను. అప్పుడు నాకు పదిహేడేళ్లు. నవ్వకుండా ఉండవలసింది.

అయినా నీలో మంచి లేదని నేననను. వరద ఏడు నడుం లోతు నీళ్లలో మూడు రోజులు పడవ లాగావు. ముసలివాళ్లను భుజాన వేసుకుని గట్టెక్కించావు. అప్పటి ఏలిక వారసుడు లేకుండా కన్నుమూస్తే ఏడు వీధులవాళ్లూ నిన్నే కావాలన్నారు. అది ఎవరూ కొని చెప్పించిన మాట కాదు. మొదటి ఏడు అమ్మ నేసిన బట్ట తెల్లగా ఎగిరింది, ఎగరవలసిందే. ఆ మరుసటి ఏడు అమ్మ పోయింది, మగ్గం నా చేతికి వచ్చింది.

తరువాత ధాన్యపు కొట్ల తాళాలు తీసుకెళ్లి నీ బావమరిది మొలకు కట్టావు. కొట్లు ఖాళీ అయితే ఎలుకలన్నావు. అంత ధాన్యం తిన్న ఎలుకలు ఏనుగులంత ఉండాలి కదా అని వీధిలో నవ్వుకున్నారు. నవ్వినవాళ్లలో ఇద్దరు మళ్లీ కనపడలేదు. కొలువులు అమ్మావు. వంతెన కట్టించమని బావమరిదికే ఇస్తే రాయి ఉండవలసిన చోట ఇసుక పోశాడు. అది కూలి నలభై మంది పోయిన రోజున, తప్పు నదిదని చాటించావు. నదికి నోరు లేదు, ఆనాడు పిల్లికి లేనట్టే.

ఆ ఏడు మన గడప ముందు వరుస మలుపు దాకా ఉంది. రొట్టెలు కాల్చే ఆవిడ వచ్చింది. తన కొడుకు కొత్త చెప్పులు ఒక్కసారే తొడుక్కున్నాడనీ, ఇంకెవరి పిల్లాడికైనా ఇవ్వొచ్చా, ఉంచుకోవాలా అనీ బట్టను అడిగింది. జవాబు కోసం కాసేపు నిలబడింది. నాడె ఆడుతూనే ఉంది.

ఆ ఏడూ బట్ట తెల్లగానే ఎగిరింది. నువ్వు నాకు పెట్టె నిండా పట్టు దారం పంపి, చూశావా అక్కా, బట్టకు తెలుసు, నేను ఇంకెవరికి జవాబు చెప్పాలి అని రాశావు. ఆ దారం అలాగే ఉంది, కండె చుట్టలేదు. రొట్టెల ఆవిడ మళ్లీ మన గడప తొక్కలేదు. బట్టకు చెవుడొచ్చిందని వీధి చివర అందట.

ఇప్పుడు పంతులమ్మ. మనిద్దరికీ చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించిన మనిషి. కొట్లలో ధాన్యం ఏమైందని బడి గోడ మీద సుద్దతో రాసింది. ఆవిడ చేసిందల్లా అదే. దానికి ఎల్లుండి ఉరి అన్నావు. రేపు బట్ట తెల్లగా వస్తే తీర్పు న్యాయమేనని తేలుతుంది, ఆ తీర్పు నాది కాదు, బట్టది అనుకో అక్కా అని నాకు రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.

మొన్న చెరసాలకు వెళ్లాను. కావలివాడు నన్ను గుర్తుపట్టి లోపలికి వదిలాడు. పంతులమ్మ చిక్కిపోయింది కానీ నోరు అలాగే ఉంది. వరదప్పుడు నువ్వు అడిగి తీసుకెళ్లిన గొడుగు ఇంకా తిరిగి ఇవ్వలేదనీ, ఏలికైనా సరే అడగడం మాననని చెప్పమనీ అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో మీరు మా మగ్గం దగ్గరికి ఎందుకు రాలేదని అడిగాను.

"బట్టకు చెప్పడం దేనికమ్మా, మనుషులుండగా?" అంది.

ఇంటికి వచ్చి చాలాసేపు దేవుడి ముందు కూర్చున్నాను. ఏమీ కోరుకోలేదు. లేచేసరికి ఏం చేయాలో తెలిసింది.

చిన్నోడా, రేపు బట్ట విప్పకముందే నీ అంతట నువ్వు దిగు. తనంతట దిగిన ఏలిక బట్టను విప్పకూడదని కట్టుబాటు. మడత మీదనే ఇంటికి తిరిగి వస్తుంది. పంతులమ్మ గది తలుపు తీయించు, బావమరిది మొలనుంచి తాళాలు లాక్కో, నడిచి ఇంటికి రా. గుర్రమూ పల్లకీ వద్దు. రెండో మగ్గం ఖాళీగానే ఉంది, దుమ్ము దులిపి పడుగు పోసి పెట్టాను. చేతులు మొదట్లో మాట వినవు, పది రోజులకు దారిలో పడతాయి. వీధిలో ఒకరో ఇద్దరో ముఖం మీద ఉమ్మవచ్చు. తుడుచుకుందువుగాని. నేను పక్కనే ఉంటాను.

బెదిరిస్తున్నాననుకోకు. దిగకపోతే ఏం జరుగుతుందో చెబుతున్నాను. రేపు అంచు తెల్లగా ఉండదు. ఎలా తెలుసంటావేమో. నేసేది నేను కదా.

వేళకు తిను. మందు మానకు.

రోజూ దేవుడి దగ్గర నీ మాట ముందుగా ఎత్తే,
అక్క

తాజా కలం: ఉత్తరం మడిచి పక్కన పెట్టి, పని చూసుకుని వచ్చి, మళ్లీ విప్పాను. ఇది రాయకపోతే పైన రాసిందంతా సగం మాటే.

బట్ట వినదు చిన్నోడా. ఎన్నడూ వినలేదు. నూలుకు చెవులెక్కడివి? పోయే ముందు అమ్మ అందరినీ బయటికి పంపి నాకు చెప్పింది. వినేది మగ్గం మీద కూర్చున్న ఆడమనిషి. విన్నది ఇక మోయలేననుకున్న ఏడు అంచు తీసుకెళ్లి తొట్టిలో ముంచుతుంది. తాతమ్మ ముంచింది. అమ్మకు ఆ అవసరం రాలేదు. నాకు వంతెన కూలిన ఏడు వచ్చింది, ఆ తరువాత ఏటా వచ్చింది. ప్రతిసారీ బట్ట పట్టుకుని తొట్టి దాకా వెళ్లి తిరిగి వచ్చాను. నువ్వు నీ న్యాయమనుకున్న ఆ తెలుపు నా పిరికితనం. నేను దానికి తమ్ముడి మీద ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. మొదట్లోనే నీకు నిజం చెప్పి ఉంటే నువ్వు భయపడి ఆగేవాడివేమో. ఆ పాపం నాది, దేవుడి ముందు నాదిగానే ఒప్పుకున్నాను.

ఇవాళ తెల్లవారగానే ముంచాను. అంచుతో సరిపెట్టలేదు, మూరెడు లోతుకు ముంచాను. పెరట్లో ఎండకు ఆరింది. పెట్టెలో పెట్టి, నా ముడి వేసి, నాలుగు వీధుల కూడలిలో అందరూ చూస్తుండగా కావలి పెద్ద చేతికి ఇచ్చి వచ్చాను. పెట్టె కోట లోపలికి రాదు. ఆ ముడి బురుజు మీద ఆయనే విప్పాలి.

అమ్మ ఈ రహస్యం ఎవరికీ చెప్పొద్దంది. నువ్వు దిగినా, దిగకపోయినా రేపు జనానికి చెబుతాను. నన్ను పట్టి తేవడానికి మనుషుల్ని తిప్పకు. బురుజు కింద మొదటి వరుసలో ఉంటాను, రొట్టెల ఆవిడ పక్కన చోటు అడిగి నిలబడతాను. ఈ నీలం వదలడానికి పది రోజులు పడుతుంది. చేతులు దాచుకోకుండానే వస్తాను.