సుంకాధికారి చావు విషయమై

రేపల్లె రంగస్థల భూషణం కొండలరావు మావయ్యగారికి తెనాలి నుంచి అలసిపోయిన మేనల్లుడు నమస్కరించి రాయునది.

ఫోను ఎత్తడం మానేశారు కనుక ఈ ఉత్తరం. మా వీడియో గేములో పాతకాలపు బాపట్ల సుంకాధికారికి మీరు గొంతిచ్చారు. అతను చిన్న విలన్. కత్తి దిగగానే "ఆ!" అని పడిపోవాలి. మీరేమో "పద్యం పాడకుండా ఎవడన్నా చస్తాడేంట్రా?" అని నాలుగు పాదాలూ రాగం తీసి పాడారు. ఆడేవాళ్లు అంతసేపూ కత్తి పట్టుకుని నిలబడిపోతున్నారు. మా మేనేజరు "రెండు సెకన్లలో చావాలి, లేకపోతే గొంతు మార్చెయ్" అన్నారు. తొమ్మిది రోజులుగా మీ ఇద్దరికీ నచ్చజెప్పలేక నీరసం వచ్చేసింది.

ఆరేళ్ల తర్వాత మీకు దొరికిన వేషం ఇది. సోమవారం పొద్దున రైలుకి వచ్చి ఒక్క "ఆ!" అనండి, చాలు. మీరు రాకపోతే మీ చావు నేను చావాలి. నాకు మీ అంత బాగా రాదు మావయ్యా.